వెనక వరుస బాకా

మా అక్కయ్య కొడుకు ఆరో తరగతిలోకి వచ్చినప్పుడు, బడిలో పిల్లలందర్నీ పిలిచి ఎవరికి ఏ వాద్యం నేర్చుకోవాలని ఉందో చెప్పమన్నారట. అమెరికాలో చాలా బడుల్లో ఇది మామూలే. లెక్కలూ సైన్సూ ఎలాగో బ్యాండూ అలాగే. ఆ రాత్రే అక్కయ్య నాకు ఫోను చేసింది. గొంతు చూస్తే ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టుంది.

"వాడు ఏం కోరుకున్నాడో తెలుసుటే? ట్యూబా!"

"ట్యూబా? సైకిలు ట్యూబా?"

"నీ మొహం. మన అమ్మమ్మగారింట్లో నీళ్ళు కాచే గంగాళం ఉండేది చూడు, దానికో ఇత్తడి పేగు చుట్టి మూతి దగ్గర పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎదురింటి వాళ్ళ పిల్ల వయొలిన్, పక్కింటి వాళ్ళబ్బాయి మృదంగం. వీడికి గంగాళం దొరికింది."

నేను నవ్వాను గానీ అక్కయ్య నవ్వలేదు. ఆ తరవాత రెండేళ్ళపాటు ఆ వాద్యం మాట ఎప్పుడొచ్చినా "ఆ భోం భోం" అనే అనేది. నిజానికి వాడికి అప్పగించిన పనీ అదే. క్లారినెట్ల వాళ్ళూ ట్రంపెట్ల వాళ్ళూ ముందు కూచుని పాటంతా హాయిగా వాయించుకుంటూ పోతుంటే, వీడు వెనక వరసలో కూచుని నాలుగు అక్షరాలకోసారి భోం అనాలి. మన సన్నాయి మేళంలో ఒత్తు పట్టేవాడు గుర్తున్నాడా మీకు? బుగ్గలు పూరించి ఉన్న ఒక్క శ్రుతినీ గంటల తరబడి నిలబెడతాడు. అతనివైపు చూసేవాడుండడు. అతను ఆపితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

అక్కయ్యకి మోకాలి ఆపరేషనయితే, సాయానికని నేను రెండు నెలలు వెళ్ళి ఉన్నాను. వాళ్ళది ఇండియానా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. నేను వెళ్ళేసరికే ఇంట్లో ఒక గొడవ జరిగి ఉంది. దీపావళికి అక్కడి తెలుగువాళ్ళంతా కలిసి పిల్లల చేత పాటలూ డాన్సులూ చేయించారట. మావాడు తనూ వాయిస్తానని ఆ గంగాళం మోసుకుంటూ వెళ్ళాడు. అక్కడ పెత్తనం చేస్తున్న ఒకాయన దాన్ని చూసి, "బాబూ, ఇది ఊరేగింపులకి బాగుంటుంది, స్టేజీ మీద కాదు" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. పదమూడేళ్ళ పిల్లాడు! మారు మాట్లాడకుండా దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నెల దాటినా పెట్టె తియ్యలేదు. సెలవులయ్యాక బడికి తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అక్కయ్యకి లోపల సంతోషంగానే ఉందేమో అని నాకు అనుమానం.

ఆ సమయంలో వాళ్ళ బ్యాండు మాస్టారు ఒక కాగితం పంపించాడు. దాని మీద 'ట్యూబా క్రిస్మస్' అని ఉంది. మనలాగా పై గొంతుతో పాడే వాద్యాలకి అక్కడ ప్రవేశం లేదు. ట్యూబా, యుఫోనియం, బారిటోన్, సూసాఫోన్, ఇలా మంద్రంలో పలికే ఇత్తడి బాకాలు మాత్రమే రావాలి. ఎవరైనా రావచ్చు. పరీక్షా లేదు, సిఫారసూ లేదు. పొద్దున్నే వచ్చి పేరు రాయించుకోవడం, కొద్దిపాటి రుసుము కట్టడం, పాటల పుస్తకం లేకపోతే కొనుక్కోవడం, ఒక రెండు గంటలు కలిసి సాధన చెయ్యడం, ఆ మధ్యాహ్నమే కచేరీ. వినేవాళ్ళకి డబ్బు అక్కర్లేదు.

వాడు వెళ్ళనన్నాడు. "నాకు చూడాలనుందిరా, ఊరు కాని ఊరు, నన్నెవరు తీసుకెళ్తారు?" అని నేను మారాం చేశాను. పిన్ని కోసమని ఒప్పుకున్నాడు. కారు వెనక సీటంతా ఆ పెట్టే ఆక్రమించింది.

వాడు సాధనకి వెళ్ళాక నేను శాలువా కప్పుకుని ఒక మూల కూచున్నాను. బ్యాండు మాస్టారి దగ్గర అడిగి తెలుసుకున్నవీ, ఆ తరవాత చదువుకున్నవీ మీకూ చెప్పాలనిపిస్తోంది. ఎందుకంటే ఇది వాద్యాల కథలా మొదలై చివరికి ఒక గురువూ శిష్యుడూ కథ అయింది.

ఈ మంద్ర వాద్యాలన్నిటికీ ముత్తాత ఒక పాము. నిజంగానే! దాని పేరు సర్పెంట్. 1590 ప్రాంతంలో ఫ్రాన్సులోని ఓసేర్ అనే ఊళ్ళో ఎద్మే గియోమ్ అనే చర్చి ఉద్యోగి దాన్ని తయారుచేశాడని చెబుతారు. కర్రతో చేసి పైన తోలు తొడిగిన ఎనిమిదడుగుల గొట్టం, పట్టుకోవడానికి వీలుగా పాములా మెలికలు తిప్పారు. చర్చిలో భక్తులు పాడుతుంటే వాళ్ళ గొంతులకి కింద ఊతంగా ఉండాలని దాన్ని పెట్టారు. అంటే పుట్టడమే ఎవరికో ఆసరాగా పుట్టింది. 1817లో పారిస్‌లో దానికి మీటలు పెట్టి ఇత్తడితో చేశారు. దానికి ఓఫిక్లైడ్ అని పేరు. గ్రీకు భాషలో మీటల పాము అని అర్థం. కొడుకు పుట్టినా వంశం పేరు పోలేదన్నమాట.

అసలు ట్యూబా బెర్లిన్‌లో పుట్టింది. వీప్రెఖ్ట్ అనే సైనిక బ్యాండు నాయకుడూ, మోరిట్స్ అనే వాద్యాలు చేసే ఆయనా కలిసి 1835 సెప్టెంబరు 12న దానికి హక్కు పత్రం తీసుకున్నారు. మీటలకి బదులు వాల్వులు వచ్చాయి. వేలితో నొక్కితే గాలి ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. గొట్టం పొడుగయ్యే కొద్దీ గొంతు కిందికి దిగుతుంది. ఇప్పటి ట్యూబాల్లో పెద్దదాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే పద్ధెనిమిది అడుగులు వస్తుందిట. చంటిపిల్లల పేగుల గురించి మా నాయనమ్మ ఇలాగే చెబుతుండేది. అన్నట్టు ట్యూబా అనే మాట లాటిన్‌ది. రోమన్ల ట్యూబా వంకర లేని తిన్నటి బాకా, దీనికీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు.

అమెరికాలో సూసా అనే బ్యాండు నాయకుడు పేరు మోసినవాడు. ధ్వని బ్యాండు మొత్తం మీద కొబ్బరాకు పందిరిలా కప్పాలని ఆయన కోరితే, 1890ల్లో ఒంటికి చుట్టుకుని నోరు ఆకాశంలోకి ఉండే బాకా తయారుచేశారు. అదే సూసాఫోన్. వాన పడితే నీళ్ళు పట్టుకోవచ్చని జనం వేళాకోళం చేసేవారట. తరవాత దాని నోరు ముందుకి తిప్పారు.

వేళాకోళం అన్నది ఈ వాద్యాన్ని వదల్లేదు. సర్కసులో బఫూను వస్తే భోం, సినిమాలో లావుపాటి మనిషి నడిస్తే భోం భోం. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ముప్ఫై ఉంటే ట్యూబా ఒక్కటే, అదీ ప్రతి పాటలోనూ ఉండదు. 1954లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే ఇంగ్లీషు సంగీతకర్త ఎనభై ఒకటో ఏట ట్యూబాని ముందు నిలబెట్టి, వెనక ఆర్కెస్ట్రా ఉండేటట్టు ఒక కచెర్టో రాసేసరికి లోకం విస్తుపోయింది. ముసలాయనకి చాదస్తం అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఆ రచన ఇవాళ్టికీ వాయిస్తున్నారు.

ఇప్పుడు గురువు సంగతి. విలియం బెల్ 1902 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, అయోవా రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలోనే సూసా బ్యాండులో చేరాడు. 1937లో మహానుభావుడు టోస్కనీని కోసం న్యూయార్కులో ఎన్.బి.సి. ఆర్కెస్ట్రా కట్టినప్పుడు ట్యూబాకి ఈయన్నే తీసుకున్నారు. 1943 నుంచి 1961 దాకా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో వాయించాడు. తరవాత ఇండియానా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1971లో పోయాడు.

శిష్యుడు హార్వీ ఫిలిప్స్. 1929లో మిస్సోరి రాష్ట్రంలో పుట్టాడు. చదువుకుంటూ సర్కసు బ్యాండులో ట్యూబా వాయించాడు. ఏనుగులూ గారడీవాళ్ళూ మధ్య ఊరూరా తిరిగిన కుర్రాడు. బెల్ దగ్గర నేర్చుకోవాలని న్యూయార్కు వచ్చాడు. వయొలిన్‌కి పగనీని ఎలాగో ట్యూబాకి ఈయన అలాగని తరవాత్తరవాత పేరు తెచ్చుకున్నాడు. గురువు పోయాక ఆ విశ్వవిద్యాలయంలో ఆ కుర్చీలోకి వచ్చింది ఈయనే.

గురువుకి ఏదో ఒకటి చెయ్యాలి. మనమైతే ఏం చేస్తాం? ఒక ఫొటోకి దండ వేసి, నలుగురు పెద్దల్ని పిలిచి ఉపన్యాసాలు ఇప్పిస్తాం. ఫిలిప్స్ కి గురువుగారి పుట్టిన రోజు ఉపాయం చూపించింది. ఆ రోజు లోకమంతా ఎలాగూ పండగే. ఆ పండగ పాటల్నే ట్యూబాల చేత, ట్యూబాల చేత మాత్రమే పాడించాలి. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సెంటర్ ముందు మంచు మీద జారే మైదానం ఉంది. ఏటా పెద్ద క్రిస్మస్ చెట్టు నిలబెట్టేదీ అక్కడే. కచేరీ అక్కడే చేస్తామని అడిగాడు.

ఆయన ఫోను చేసి "మూడొందల ట్యూబాలు" అనగానే అవతలి అధికారి నోట మాట రాలేదట. ఫిలిప్స్ వాదించలేదు. కొంతమంది పెద్ద సంగీత విద్వాంసుల ఇంటి ఫోను నంబర్లు, అందరికీ దొరకనివి, ఇచ్చి, నా గురించి వీళ్ళని అడగండి అన్నాడు. వాళ్ళలో లియొనార్డ్ బెర్న్‌స్టైన్, స్టొకోవ్‌స్కీ ఉన్నారు. ఆ అధికారి మళ్ళీ ఫోను చేసి, మీకేం కావాలంటే అది తీసుకోండన్నాడట. మంచి మాటలు చెప్పే స్నేహితులుంటే బాకాకైనా దారి దొరుకుతుంది.

1974 డిసెంబరు 22, ఆదివారం. మూడు వందలకి పైగా ట్యూబాలూ యుఫోనియంలూ ఆ మంచు మైదానంలో చేరాయి. పాటలకి స్వరాలు కూర్చిపెట్టినవాడు అలెక్ వైల్డర్ అనే సంగీతకర్త. ఫిలిప్స్ కి ప్రాణ స్నేహితుడు. ఆయన 1980లో క్రిస్మస్‌కి ముందు రోజే పోయాడు. మొదటి కచేరీకి చేతి కర్ర పట్టి నడిపించినవాడు పాల్ లవాల్. ఒక్కసారికని అనుకున్నది ఒక్కసారితో ఆగలేదు. పక్క ఊళ్ళవాళ్ళు మేమూ చేస్తామన్నారు. ఇవాళ రెండు వందలకి పైగా ఊళ్ళలో, అమెరికా బయట కూడా జరుగుతోంది. ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కరు బాధ్యత తీసుకుంటారు. 2020లో కరోనా వచ్చి చాలా చోట్ల ఆగిపోయింది, తరవాత మళ్ళీ మొదలెట్టారు. ఫిలిప్స్ 2010లో పోయాడు. ఆయన భార్య పేరు ఏమిటో చెప్పనా? క్యారల్. క్రిస్మస్ పాటని ఇంగ్లీషులో అనే మాటే! ఇది నవలలో రాస్తే సంపాదకులు కొట్టేస్తారు.

మీకు ఒక సందేహం రావచ్చు. ఇంత గంగాళాన్ని ఆడవాళ్ళు మొయ్యగలరా అని. నాకూ వచ్చింది. ఆ రోజు హాల్లో చూస్తే నలుగురిలో ఒకరు ఆడవాళ్ళే. కాన్‌స్టన్స్ వెల్డన్ అనే ఆవిడ 1955లోనే బాస్టన్ పాప్స్ తో ఊళ్ళు తిరిగి ట్యూబా వాయించింది. 2006లో క్యారల్ జాన్ష్ అనే అమ్మాయి ఇంకా కాలేజీలో చదువుతుండగానే ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ట్యూబా ఉద్యోగం గెలుచుకుంది. ఇంకో క్యారల్! గాలి పూరించడానికి మీసాలెందుకు?

సరే, మా ఊరి కచేరీకి వద్దాం. అరవై మంది దాకా వచ్చారు. బాకాల్ని అలంకరించడం అక్కడ ఆచారం. ఒకరు దీపాల తోరణం చుట్టారు, ఒకరు మెరుపు కాగితాలు వేలాడదీశారు, ఒక సూసాఫోను నోటికి ఎర్రటి క్రిస్మస్ తాత టోపీ తొడిగారు. నాకైతే సంక్రాంతికి గంగిరెద్దు వచ్చినట్టే అనిపించింది. అదే వాలకం, అంతే ఓపిక. పేరు రాయించుకున్న ప్రతివాళ్ళకీ ఆ సంవత్సరం బిళ్ళ ఒకటి ఇస్తారు. మావాడి పక్కన కూచున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన కోటు నిండా అవే, మిలిటరీ పతకాల్లా. మావాడు మూగవాడిలా కూచుంటే, ఆ పెద్దాయన జేబులోంచి ఇంకో ఏడాది బిళ్ళ తీసి చూపించి ఏదో చెప్పాడు. వాడు పెట్టె తాళం తీశాడు.

మొదటి స్వరం నేను చెవులతో వినలేదు. కాళ్ళతో విన్నాను. నేల లోపల్నించి వచ్చింది. తరవాత కుర్చీలోకి, తరవాత పక్కటెముకల్లోకి. కాకినాడ వైపు మా పెదనాన్నగారి ఊళ్ళో తుఫాను ముందు సముద్రం అలా మూలుగుతుండేది, భయం వేసేది. ఇది భయం కాదు. పెద్ద గొంతు ఉన్న మనిషి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టుంది. ఎప్పుడూ ముందు కూచునే ట్రంపెట్లు లేవు కనక పాట కూడా వీళ్ళే పంచుకోవాలి. 1818లో ఆస్ట్రియాలో ఒక పల్లెటూరి చర్చిలో గిటారుతో పాడిన 'సైలెంట్ నైట్' పాట వచ్చినప్పుడు, నడిపించే ఆవిడ యుఫోనియంలని ఆగమని సైగ చేసి, ట్యూబాల వైపు చెయ్యి చాపింది. ఒక చరణం మొత్తం ట్యూబాలే. మావాడి బుగ్గలు ఎర్రబడ్డాయి. రెండేళ్ళుగా భోం అన్నవాడు పాట వాయిస్తున్నాడు. రెండో చరణం వినేవాళ్ళంతా పాడారు. నాకు మాటలు రావు, అయినా ముక్కుతో కూనిరాగం తీశాను. పక్కనావిడ నాకు చేతిరుమాలు ఇచ్చింది. ఎందుకిచ్చిందో నాకప్పటికి తెలియలేదు.

ఇంటికొచ్చాక వాడు పెట్టెకి తాళం వెయ్యలేదు. మర్నాడు అక్కయ్య, "వాడు రెండు చోట్ల తప్పాడా?" అని నన్ను రహస్యంగా అడిగింది. తప్పాడన్నాను. "అదే అనుకున్నా, ఇవాళ అక్కడే మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాడు" అంది. మోకాలి కట్టుతో మంచం మీద పడుకుని, భోం భోం అన్న మనిషే ఇంత లెక్క పెట్టి వింటోంది.

ఇంతకీ అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. అక్కయ్య నా పెళ్ళి ఆల్బం తీసింది. మావాడు పక్కన చేరి చూస్తూ ఎదురు సన్నాహం ఫొటో దగ్గర ఠక్కున ఆగాడు. "పిన్నీ, యుఫోనియం!"

ఎర్ర కోటు, బంగారు జరీ అంచు, చిన్న సైజు టోపీ. బ్యాండు మేళం చివర, పెట్రోమాక్సు మోసే మనిషికి ముందు, ఒళ్ళో బిడ్డలా పెద్ద బాకా పట్టుకుని ఒక నడివయసు మనిషి. ఇన్నేళ్ళలో ఆ ఫొటో వందసార్లు చూసి ఉంటాను. నా జడనే చూసుకున్నాను. సైనిక బ్యాండుల దగ్గర్నుంచి ఈ కోట్లూ బాకాలూ మన పెళ్ళిళ్ళలోకి దిగాయి. మీరట్ లో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ లాంటివి దేశమంతటికీ ఈ బాకాలు పంపాయి. మనవాళ్ళు దాని మీద సినిమా పాటలు పలికించారు. అక్కడ వెనక వరసలో భోం అనే వాద్యమే, ఇక్కడ చాలా బ్యాండుల్లో పాట మోస్తుంది.

"అతని పేరేమిటి పిన్నీ?"

తెలీదన్నాను. క్లారినెట్ మాస్టారి పేరు ఇప్పటికీ మా నాన్నగారు చెబుతారు, బేరం ఆయనతోనే జరిగింది కాబట్టి. ఇతనిది ఎవరూ అడగలేదు. అడగకపోగా ఆ రాత్రి బ్యాండు వాళ్ళకి మూడో బంతిలో ఆకులు వేశారు. అప్పటికి బూరెలు అయిపోయాయి. వాళ్ళు ఏమీ అనలేదని, మంచివాళ్ళని, మా పిన్ని మెచ్చుకుంది. ఇదంతా వాడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

వచ్చిన మూడో నెలలో మా వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. ఇప్పుడు డి.జె.ల రోజులు, బ్యాండు మేళం కనిపించడమే అరుదు. చపాతీ పిండి చేతులతోనే గేటు దాటి వెళ్ళాను. మా వారు "ఏమైందీ" అంటూ వెనక వచ్చారు. చివర్లో యుఫోనియం పట్టుకున్న ముసలాయన పాట అయిపోయి నోరు తుడుచుకుంటున్నాడు.

"మీ పేరేమిటండీ?" అని అడిగాను.

ఆయన బెదిరిపోయినట్టు చూసి, బాకాని దగ్గరికి పొదువుకున్నాడు.

"ఎందుకమ్మా? ఎక్కడన్నా అపస్వరం పలికిందా?"